పాత వేషములు, కొత్త వేషములు: పావగడ సీమ నాటకములనుండి ఒక సమీక్ష

తుమకూరు జిల్లాలోనిదే యయ్యు, తూర్పున రొద్దము, పెనుకొండలతోను, దక్షిణమున మడకశిరతోను, ఉత్తరమున కంబదూరు, కళ్యాణదుర్గములతోను ఎక్కువ రాకపోకలు గలిగి, కచేరిలోను బడిలోను కన్నడమును, ఇంటిలోను సంతలోను తెలుగును మాటలాడుచు, రెండు భాషల నాటకములను ఒకే రంగస్థలముమీద చూచుటకు తరతరములుగా అలవాటుపడిన పావగడ తాలూకాలో తెగని వాదమొకటి కలదు. జాతర సందర్భమునగాని, వేరుసెనగ పంట ఇల్లు చేరిన తీరిక దినములలోగాని, ఒక గ్రామమున కురుక్షేత్రమో, శనిమహాత్మ్యమో ఆడుట జరిగినచో, మరునాటి ప్రొద్దున అరుగులమీద చేరిన వృద్ధులు తాము పడుచువారై యున్ననాటి దుర్యోధనునితో నిన్నటి దుర్యోధనుని పోల్చి పెదవి విరుతురు. నిన్నటి రాత్రి కిరీటము ధరించిన యువకుడు, ఆ పాత దుర్యోధనుని తాను చూడలేదు కనుక, బదులు చెప్పలేక యూరకుండును. ఆ యువకుడే బెంగుళూరునకు తిరిగిపోయి, తన గదిలోని మిత్రులతో కూడి, వేషధారణము ప్రధానముగా గల కంప్యూటరు ఆటల పరంపరలను గూర్చి మాటలాడునప్పుడు, ఫైనల్ ఫాంటసీ ఆటలలో వెనుకటివే మేలనియు, పోకెమాన్ ఆటలలో తాను పదియేండ్లనాడు ఆడినదే నిజమైన ఆట యనియు తానే వాదించును.

అరుగుమీది వాదమును, గదిలోని వాదమును వేర్వేరుగా చూచినచో ఒకటి వార్ధక్యపు చాదస్తముగను, రెండవది యౌవనపు కాలక్షేపముగను తోచవచ్చును. ఒకదాని సరసన ఒకటి యుంచి చూచినవారికి ఇవి ఒకే ప్రశ్నయొక్క రెండు రూపములని తెలియును. ఒకే కథాచక్రమును, ఒకే పాత్రలను తరమునకొకమారు కొత్తగా ధరించి ఆడు కళలో, కొత్తది పాతదానికంటె తగ్గినదని యెట్లు నిర్ణయింపవలెను? మనకు తోచు తరుగుదల వస్తువులో నున్నదా, ఆడు సందర్భములో నున్నదా, ఆడినవానిలోను చూచినవానిలోను నున్నదా? ఈ ప్రశ్నను పావగడ సీమ నాటకమునుండియే విచారించుట యుక్తమని నా తలంపు; ఏలయన, ఆట యనునది చూచువానికొరకే కాక ఆడువానికొరకు కూడ నుండునను సంగతి ఇచటివలె స్పష్టముగ కనబడు చోట్లు అరుదు.

తుమకూరు, కోలారు, మండ్య, బెంగుళూరు గ్రామీణ జిల్లాల పల్లెలలో పౌరాణిక నాటకమాడు పద్ధతి, కోస్తా జిల్లాల కాంట్రాక్టు నాటకపు పద్ధతికి పూర్తిగ భిన్నమైనది. అచట పేరుపొందిన నటుడు సొమ్ము పుచ్చుకొని వచ్చి పద్యము పాడి పోవును. ఇచట ఊరి రైతు, అంగడివాడు, బడిపంతులు, బస్సు డ్రైవరు తామే సొమ్ము చెల్లించి వేషము తీసికొందురు. హార్మోనియము వాయించి పద్యము నేర్పు మేష్ట్రును కుదుర్చుకొని, గుడి ముంగిటనో, చావడిలోనో రాత్రులందు నెలల తరబడి అభ్యాసము చేసి, పాత్ర పెద్దదైనకొలది పెద్ద మొత్తము నిచ్చి (దుర్యోధనునికిని కృష్ణునికిని అన్నిటికంటె ఎక్కువ, ద్వారపాలకునికి అతిస్వల్పము) ఆ మొత్తములనుండియే మేష్ట్రు సంభావనయు, తెరలకును కిరీట భుజకీర్తులకును అగు బాడుగయు, దీపములకును మైకుకును అగు వ్యయమును గడుపుదురు. పట్టణమునుండి వచ్చు స్త్రీ పాత్రధారిణులకు మాత్రము ప్రతిఫలము ముట్టును. ఏడాది పొడుగున నేలను నమ్ముకొని బ్రదుకు మనుష్యుడు ఒక్క రాత్రి హస్తినాపురమునకు సార్వభౌముడగుటకై తన కష్టార్జితమును చెల్లించుట బయటివారికి వింతగా నుండవచ్చును గాని, నా దృష్టిలో మన నాటకకళ యంతటిలో ఇంతకంటె గౌరవింపదగిన ఆచారము లేదు. ప్రేక్షకుల మెప్పు దానికి అవసరమే. కాని మూలధనము మెప్పు కాదు, వేషముమీది మమకారము.

ఈ నాటకము పావగడకు రెండు త్రోవల వచ్చినది. దక్షిణపు త్రోవ గుబ్బిది. ఇదే తుమకూరు జిల్లాలోని గుబ్బి పట్టణమున 1884లో స్థాపితమైన చన్నబసవేశ్వర నాటకసంఘము, గుబ్బి వీరన్నగారి నిర్వహణమున దక్షిణదేశమంతట పేరుగాంచి, కురుక్షేత్ర నాటకమునకై నిజమైన ఏనుగులను, గుఱ్ఱములను రంగస్థలమునకు దెచ్చి, పల్లెలవారి మనస్సులలో ఆ నాటకమునకు చెరగని స్థానము కల్పించినది. ఉత్తరపు త్రోవ బళ్ళారిది. ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు 1887లో చిత్రనళీయమును అచట ప్రదర్శించి, వచనముతోపాటు పద్యమును పాటను తెలుగు నాటకములోనికి తెచ్చిరి. వారి సరసవినోదినీ సభకు దీటుగా కోలాచలము శ్రీనివాసరావుగారు సుమనోరమ సభను నడిపిరి. ఆ దినములలో బళ్ళారి, అనంతపురములు మద్రాసు రాజధానికిని, పావగడ మైసూరు సంస్థానమునకును చెందియున్నను, పద్యము ఏ సుంకపు చావడియొద్దను ఆగక సరిహద్దు దాటినది. తరువాత తిరుపతి వేంకటకవుల పాండవ నాటకములు వచ్చి, కన్నడ కురుక్షేత్రము వినిన చెవులకే తెలుగు రాయబార పద్యములను కూడ అలవాటు చేసినవి.

పాతదే మేలనువారి వాదమునకు మొదటి బలహీనత ఈ పాండవ నాటకములలోనే కనబడుచున్నది. దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారలు భారతకథను పాండవజననము, పాండవప్రవాసము, పాండవరాజసూయము, పాండవోద్యోగము, పాండవవిజయము, పాండవాశ్వమేధము అను ఆరు నాటకముల పరంపరగా రచించిరి. వీనిలో నాలుగు నేడు సాహిత్య విద్యార్థులకు తప్ప తెలియవు. ఉద్యోగ విజయములు రెండు మాత్రమే, అవియు విడివిడిగా కాక, నాటక సమాజములవారు రెంటిని కలిపి ఒకే రాత్రి ఆటగా మార్చుకొనగా, జనుల నాలుకలపై నిలిచినవి. ఒకే కవిద్వయము, ఒకే శైలి, ఒకే కథ. ఐనను లోకము రెంటిని ఉంచుకొని నాలుగింటిని విడిచినది. కావున ఆ కాలపు నాటకమని మనము తలంచునది ఆ కాలమున ఆడిన నాటకములన్నింటి సగటు కానేరదు; వందయేండ్లు జల్లెడ పట్టగా మిగిలినది. దానిని తెచ్చి, జల్లెడలో ఇంకను పడని నిన్నటి రాత్రి ఆటతో తూచుట న్యాయము కాదు. కంప్యూటరు ఆటలలోను ఇదియే వరుస. జపానులో 1986లో డ్రాగన్ క్వెస్టును, 1987లో ఫైనల్ ఫాంటసీయు వెలువడిన కాలముననే వానిని పోలిన ఆటలు పెక్కు పుట్టి, ఎవరికిని జ్ఞాపకము లేకుండ పోయినవి. అవి పోయినవి కనుకనే ఆ దశకమంతయు స్వర్ణయుగముగా కనబడుచున్నది.

రెండవ సంగతి ఇంతకంటె సూక్ష్మమైనది. మనము పాతదని గౌరవించు ప్రతి లక్షణమును ఒకనాడు కొత్తదై, నాటి పెద్దలచేత నిందింపబడినదే. హార్మోనియము లేని పౌరాణిక నాటకమును పావగడలో నేడు ఎవరును ఊహింపలేరు. మైకు శబ్దములో దాని నాదము మునిగిపోవుచున్నదని వృద్ధులు వగచుచుందురు. కాని ఆ వాద్యము పాశ్చాత్య దేశమునుండి వచ్చినది. మన సంగీతపు గమకములను పలుకజాలదను కారణమున ఆకాశవాణివారు 1940లో దానిని బహిష్కరించి, 1971 వరకు ఆ నిషేధమును సడలింపలేదు. అటులే, పద్యమునకు చివర దీర్ఘముగ రాగము తీయుటయే పాత నాటకపు ప్రాణమని నేడు చెప్పువారు కలరు. ఆ రాగములు ఉచ్చదశలో నున్న కాలముననే నటుడు బళ్ళారి రాఘవ, దుఃఖమున నున్న పాత్ర గొంతెత్తి ఆలాపన చేయుట అసహజమని వానిని నిరసించి, భావమునకు అధీనమైన వాచికమును కోరెను. ఇక ఈ కంపెనీ నాటకమునకు పూర్వము ఇచట వెలసియున్న ఆటలు, మూడలపాయ యక్షగానము, సరిహద్దు పల్లెల కేళిక, అనంతపురపు తోలుబొమ్మలాట, తెరలతోను వేదికతోను వచ్చిన కొత్త నాటకముచేత వెనుకకు నెట్టబడినవే. తోలుబొమ్మలాటలోని జుట్టుపోలిగాడు, బంగారక్కల హాస్యము విని పెరిగిన తాతలకు, పరదాలు మార్చుచు ఆడు కురుక్షేత్రము కృత్రిమముగ తోచియుండవలెను. ధర్మవరము మండలములోని నిమ్మలకుంటలో దళవాయి కుటుంబములవారు ఆ తోలుబొమ్మల విద్యను నేటికిని నిలిపియున్నారు. దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించినది. ఐనను అచట చేతుల కెక్కువ పని కల్పించుచున్నవి రాత్రి ఆటలు కావు, తోలుతో చేయు దీపపు గొడుగులు. దానిని పతనమనుట నాకు సమ్మతము కాదు. ఆ గొడుగులవలననే రంగులు దిద్దు చేయి ఇంకను బ్రదికియున్నది.

మనస్సు ఎందుకిట్లు తన యౌవనకాలపు వస్తువునే ప్రమాణముగా గైకొనును? 1688లో బాసెల్ నగరమున యోహానెస్ హోఫర్ అను వైద్యవిద్యార్థి, పరదేశములలో కొలువుచేయు స్విస్ సైనికులకు స్వదేశముమీది బెంగ ప్రాణాంతకమైన రోగముగా పరిణమించుచున్నదని సిద్ధాంతగ్రంథము వ్రాసెను. నేటి మనోవిజ్ఞానము అట్టి బెంగను, అది స్వదేశముమీదిదైనను గతకాలముమీదిదైనను, రోగముగ నెన్నదు. నలువది యేండ్లు దాటినవారిని తమ జీవితమును స్మరింపుడని కోరినచో, పదియేండ్లకును ముప్పది యేండ్లకును నడుమ జరిగిన సంగతులే దట్టముగా జ్ఞాపకమునకు వచ్చునని పెక్కు పరిశోధనలలో తేలినది. ఆ వయస్సులోనే మనుష్యుడు మొదటిసారి ఊరు విడుచును, మొదటిసారి ప్రేమించును, మొదటిసారి రాత్రియంతయు మేల్కొని నాటకము చూచును. మొదటిదగుటచేతనే ఆ అనుభవము మనస్సున గాఢముగ నాటుకొనును. కావున మన వృద్ధుల దుర్యోధనుడు గొప్పవాడు కాడని నేననుట లేదు. అతనిని చూచిన కన్నుల వయస్సు పదునేడని మాత్రము జ్ఞాపకముంచుకొనవలెనని అనుచున్నాను.

ఈ విషయమున కంప్యూటరు ఆటలు మనకు నాటకము ఇవ్వలేని ఒక నిదర్శనము నిచ్చుచున్నవి. గతించిన నటుని తిరిగి రప్పింపలేము. గతించిన ఆటను తిరిగి రప్పింపవచ్చును. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అను ఆట 2004లో వెలువడి, లక్షలకొలది జనులు ఒకే కాల్పనిక లోకమున వేషములు ధరించి కలిసి సంచరించుటకు వీలుకల్పించినది. ఏటేట దానికి మార్పులు చేరగా, పాత ఆటగాండ్రు తొలి రూపమునే మరల ఇమ్మని చిరకాలము కోరి, కోరి, కడకు 2019 ఆగష్టులో దానిని పొందిరి. అప్పుడు జరిగినది మిక్కిలి బోధకమైనది. తొలినాళ్ళలో రాగ్నరోస్ అను మహాశత్రువును ఆటగాండ్రు మొట్టమొదట కూల్చుటకు అయిదు నెలలు పట్టినది. తిరిగి వచ్చిన ఆటలో ఆ శత్రువు వారము తిరుగకముందే కూలెను. మార్గములన్నియు, మర్మములన్నియు, ఏ ఆయుధము ఎచట దొరకునో అన్నియు ఇప్పుడందరికిని తెలియును. ఆట పాతదే, దానిని చుట్టుకొనియున్న అజ్ఞానము మాత్రము తిరిగి రాలేదు. దారి తెలియక ఆగి, అపరిచితుని ప్రశ్నించి, తప్పి, తిరిగి, ఆ నడుమ స్నేహితులైనవారి కథలే ఆ ఆటయొక్క సారమని, సారము ఆట పెట్టెలో నిక్షిప్తమై యుండదని ఎందరికో అప్పుడు తెలిసివచ్చినది.

దీనివలన పాతదానిమీది మమకారమంతయు భ్రమయే యని తేల్చివేయువారితో కూడ నేను ఏకీభవింపను. భ్రమ కొంత యున్నది. నిజమైన నష్టమును కొంత యున్నది. రెంటిని విడదీయుటయే విమర్శకుని పని. పాత ఆటగాండ్రు చెప్పు ఫిర్యాదులలో ఒకటి నాకు మిక్కిలి న్యాయముగ తోచినది. ఎల్డర్ స్క్రోల్స్ అను పరంపరలో 2002లో వచ్చిన మారోవిండ్ అను ఆటయందు, ఒకచోటికి పోవలసినచో, ఊరిలోని పాత్ర ఏ దిక్కునకు నడువవలెనో, ఏ వంతెన దాటవలెనో, ఏ కొండయొద్ద మరలవలెనో మాటలలో చెప్పును. ఆటగాడు ఆ మాటలను తన దినచర్య పుస్తకమున చదువుకొని, నేలను కన్నులతో పరిశీలించుచు పోవలెను. 2006లో వచ్చిన ఆబ్లివియన్‌లో ఆ పనిని దిక్సూచిమీది ఒక గుర్తు చేసిపెట్టెను. ప్రయాణము సులభమైనది, దారి తప్పువారు తగ్గిరి; కాని నేలను చూడవలసిన అవసరమే పోయినది. ఇది జ్ఞాపకపు మాయ కాదు. నేడు మొదటిసారి ఆ రెండు ఆటలను ఆడు బాలుడు కూడ ఈ భేదమును కనుగొనును. వేషము తనను ధరించువానినుండి ఏమి కోరుచున్నదో అదియే దాని విలువకు మంచి కొలత యని నేను భావించుచున్నాను; ఆ కోరిక తగ్గినచోట నష్టము నిజము, ఆ కోరిక రూపము మాత్రమే మారినచోట వగపు వ్యర్థము.

ఈ కొలతతో పావగడ రంగస్థలమును చూడుడు. పెట్రోమాక్సు దీపము పోయి విద్యుద్దీపము వచ్చుట, అద్దకపు తెరకు బదులు రంగురంగుల ముద్రిత దృశ్యపటము వచ్చుట వేషధారినుండి కోరిన దానిని ఏమాత్రమును తగ్గింపలేదు. మైకు సంగతి వేరు. మైకు లేని దినములలో కడపటి వరుసలో గొంగడి కప్పుకొని కూర్చున్న ముసలమ్మకు వినబడునట్లు పద్యమును చెప్పవలసిన నటుడు, పదమును ఎచట విరువవలెనో, ఊపిరి ఎచట నిలుపవలెనో, ఏ అక్షరముపై బలమివ్వవలెనో తెలిసికొనక తప్పెడిది కాదు. ఆ శిక్షణమువలన పద్యపు అర్థము తనకు తానే స్పష్టమయ్యెడిది. మైకు ఆ నిర్బంధమును తొలగించినది. నేడు పద్యమును చక్కగా విరిచి చెప్పువారు లేరని కాదు. చక్కగా విరువనివారు కూడ వినబడుచున్నారు, అంతే భేదము. కాని ఆ భేదము చిన్నది కాదు.

అభ్యాసకాలము తగ్గుట ఇంతకంటె పెద్ద నష్టము. పూర్వము వేషము తీసికొన్నవారందరును ఒకే ఊరివారై, పొలమునుండి వచ్చి, భోజనము చేసి, చావడిలో చేరి, నెలల తరబడి ఒకరి పద్యమును ఒకరు వినుచు నేర్చుకొనుటచేత, భీముని వేషము వేయువానికి దుర్యోధనుని పద్యములును, అర్జునునికి కృష్ణుని పద్యములును కంఠస్థమై యుండెడివి. నేడు పడుచువారిలో పెక్కండ్రు బెంగుళూరులో కొలువులు చేయుచు, తమ పద్యములను ఫోనులో వినుచు నేర్చుకొని, కడపటి వారములలో మాత్రము ఊరు చేరుదురు. ఎవరి భాగము వారికి వచ్చును. ఎదుటివాని భాగము రాదు. సంవాదమనగా తన వంతు వచ్చువరకు వేచియుండుట కాదు కదా! రాయబార ఘట్టమున కృష్ణుడు పలుకుచుండగా దుర్యోధనుని ముఖమున కదలవలసిన రోషము, ఆ కృష్ణుని పద్యము దుర్యోధనునికి కూడ హృదయస్థమైనప్పుడే కదలును. ఇట్టిచోట అరుగుమీది వృద్ధుడు పెదవి విరిచినచో, అతడు జ్ఞాపకమునకు లొంగినాడని తోసివేయరాదు. అతడు సరియైన సంగతినే కనిపెట్టెను. దోషమును ఆ యువకునిమీద మోపుట మాత్రము అన్యాయము. ఏటికి ఒక పంట, అదియు వానదయమీద, చేతికందు నేలలో, అయిదు గ్రామముల పరిధిలోని సుమారు 13,000 ఎకరములు సౌరవిద్యుత్కేంద్రమునకు కౌలుకు పోయిన తాలూకాలో, రాత్రి చావడికి జనులను చేర్చిన వ్యవసాయపు తీరిక మునుపటివలె నుండుమనుట ఎట్లు?

పాత ప్రదర్శనలే దీర్ఘమనియు సంపూర్ణమనియు చెప్పు మాటను కూడ కొంత పరీక్షింపవలసియున్నది. తెల్లవారువరకు ఆడుట నిజమే. కాని ఆ రాత్రి పొడుగునకు కవి వ్రాసిన దానికంటె వన్స్‌మోర్ అను కేకలును, ఒకే పద్యమును మూడుమారులు పాడుటయు ఎక్కువ కారణము. కోస్తా సీమలో ఒకే రాత్రి, ఒకే నాటకమున, పడకసీనునకు ఒకరు, రాయబారమునకు ఒకరు, యుద్ధరంగమునకు ఒకరు చొప్పున ముగ్గురు కృష్ణులు వేదిక నెక్కుట ఆచారమై, జనులు పాత్రను వదలి గాత్రములను పోల్చుకొనుటకు అలవడిరి. పైగా ఆ పాత గాత్రములను గూర్చి మనకు గల సాక్ష్యమును గ్రామఫోను పలకలే ఎక్కువగా నిలిపినవి. ఒక ప్రక్కన మూడు నిమిషములకు మించి పట్టని ఆ పలకలపై పద్యమును కుదించి పాడవలసివచ్చినది. స్థానం నరసింహారావుగారి సత్యభామనుగాని, ఈలపాట రఘురామయ్యగారి కృష్ణునిగాని కీర్తించునప్పుడు మనము గొప్ప కళాకారులనే కీర్తించుచున్నాము, అందు సందేహము లేదు. కాని వారి మూడు నిమిషముల పరిపూర్ణతతో, పల్లెటూరి రైతు ఆరు గంటల శ్రమను పోల్చుచున్నామని మరువరాదు.

పాత కాలపు దోషములను కూడ జ్ఞాపకము సులభముగ తుడిచివేయును. స్త్రీలకు వేదిక చాలవరకు నిషిద్ధమై యుండిన దినములవి. స్త్రీపాత్రలను స్త్రీలే ధరింపవలెనని పట్టుబట్టిన రాఘవ ఎన్నో నిందలు పడెను. చింతామణి నాటకము మరియొక పాఠము చెప్పుచున్నది. కాళ్ళకూరి నారాయణరావుగారు వేశ్యాలోలత్వమును ఖండించుటకై రచించిన ఆ నాటకమున, సుబ్బిశెట్టి పాత్రను ప్రదర్శకులు తరతరమునకు పెంచి, మూలమున లేని అశ్లీలమును చొప్పించుచు పోగా, ఒక వర్గమువారి మనస్సులు నొచ్చి, 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ప్రదర్శననే నిషేధించినది. నాటకము నిషేధింపబడుట నాకు రుచింపదు. ఐనను, పాత చింతామణి యని తలపోయువారు తలపోయునది కవి వ్రాసినదానినా, తమ బాల్యమున సంతలో నవ్వించినదానినా యని అడుగక తప్పదు.

ఇక పాతదానిని మరల నిర్మించు ప్రయత్నములను గూర్చి. తాడిపత్రి సీమవారైన కె.వి.రెడ్డిగారి దర్శకత్వమున 1957లో వచ్చిన మాయాబజారు చిత్రమును 2010లో రంగులద్ది విడుదల చేసిరి. మూడు గంటలకు పైబడిన మూలమునుండి కొంత భాగము ఆ రంగుల ప్రతిలో తొలగింపబడినది. కొత్త తరమువారు థియేటరులో ఆ చిత్రమును చూచుటకు అది కారణమైనది కనుక ఆ ప్రయత్నమును నేను తక్కువ చేయను. కాని ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ నలుపు తెలుపులలో చిత్రించిన వెన్నెల రంగు లేకపోవుటచేతనే వెన్నెలయై యుండెను. ఉపరితలమును పునరుద్ధరించి, అంతరంగమును కోసివేయుట పునరుద్ధరణములలో తరచుగ జరుగు పొరపాటు. ఫైనల్ ఫాంటసీ ఏడవ ఆటను దాని నిర్మాతలు మరల రచించిన తీరు దీనికి విపరీతము. 1997లో మూడు పలకలపై ఇమిడిన ఆ కథను వారు మూడు వేర్వేరు ఆటలుగా విస్తరింప బూని, 2020లో వచ్చిన మొదటి భాగమున మిడ్గార్ నగరపు ప్రారంభకథను మాత్రమే పెంచి చెప్పి, 2024లో రెండవ భాగమును వెలువరించిరి. అందు పాత కథ తెలిసినవానికి ఆ తెలివినే ఒక వస్తువుగా చేసి, కథ పాత దారిలోనే నడువవలెనా యని ప్రశ్నించిరి. పాత భక్తులలో కొందరు నొచ్చుకొనిరి. మూలమును కొలనిలోని ప్రతిబింబమువలె దించి యిచ్చినదానికంటె ఈ సాహసమే మూలమునకు గౌరవమని నా మతము. మన సాహిత్యమునే చూచినచో, గురజాడ అప్పారావుగారు 1892లో ప్రదర్శితమై 1897లో అచ్చైన కన్యాశుల్కముతో తృప్తిపడక, 1909లో దానిని దాదాపు కొత్త నాటకముగ తిరిగి వ్రాసి విస్తరించిరి. మొదటి కూర్పుమీది మమకారముతో రెండవదానిని వలదనువాడు నేడొక్కడును కానరాడు.

రూన్‌స్కేప్ అను ఆటవారు అనుసరించిన మార్గము ఈ రెంటికిని భిన్నమై, పావగడవారికి మిక్కిలి ఉపయోగపడునదై యున్నది. వారు 2013లో, ఆటగాండ్ర కోరికపై, భద్రపరచియుంచిన 2007 నాటి ప్రతిని తెరచి వేరొక ఆటగ నడుప మొదలిడిరి. అది నిలువనీరై యుండలేదు. ముఖ్యమైన ఏ కొత్త ఘట్టమునైనను చేర్చుటకు ముందు ఆటగాండ్ర ఓటు కోరుట నియమము చేసిరి. నూటికి డెబ్బది అంగీకారములు వచ్చినగాని మార్పు జరుగదు. ఆ పాత ఆటలో చేరినవారి సంఖ్య కాలక్రమమున కొత్త ఆటను మించినది. పాతదానిని పాతగనే యుంచుట కాక, ఆడువారి సమ్మతితో పెంచుట ఈ విజయమునకు కారణమని నేను నమ్ముచున్నాను. ఏ పద్యమును తీసివేయవలెను, ఏ ఘట్టమును కుదింపవలెను అను నిర్ణయము సీనరీ బాడుగవాని తొందరకును, మైకువాని గడియారమునకును వదలక, వేషము తీసికొన్నవారు కూర్చుండి చేసికొనుట మన పల్లెలలో అసాధ్యము కాదు.

ఈ సీమలో చేయదగినవి రెండు పనులు కలవు. కురుక్షేత్రమును కన్నడమునను, రాయబారమును తెలుగునను నేర్పగల వృద్ధ మేష్ట్రులు ఇంకను కొందరున్నారు. వారి చేతివ్రాత పుస్తకములలో, ఏ పద్యమునకు ఏ రాగము, ఎచట విరుపు, ఏ నటునికొరకు ఏ పాదము మార్చబడినదో గుర్తులతో సహా యున్నవి. ప్రదర్శన రాత్రిని ఫోనులలో చిత్రించువారు పెక్కండ్రు. అభ్యాసపు రాత్రులను మొదటినుండి చివరివరకు ధ్వనిముద్రణము చేయువారు లేరు. మేష్ట్రు ఒక పద్యమును తప్పు చెప్పిన శిష్యునిచేత ఇరువదిమారులు చెప్పించు ఆ రాత్రులలోనే విద్య యున్నది, కనుక ముద్రింపవలసినది ఆ రాత్రులను. రెండవది వేషపు వెల. దుర్యోధనుని వేషమునకు చెల్లింపవలసిన మొత్తము ఏటేట పెరుగుచు, కంఠమున్నవాడు వెనుకబడి, సొమ్మున్నవాడు కిరీటము ధరించుట జరుగుచున్నచోట, గుడి సొమ్మునుండిగాని, ఊరి పెద్దల చందానుండిగాని ఒక్క ప్రధాన వేషమునకైనను ఊరివారు తామే వెల చెల్లించి, మేష్ట్రు పరీక్షించి ఎన్నుకొనిన వానికి దానిని ఉచితముగ నిచ్చుట రాబోవు జాతరనుండియే ప్రారంభింపవచ్చును.